పెద్దలతో ఏటియొడ్డునకు

మన యిండ్లలోని వృద్ధులను మీకేమి కావలెనని యడిగినచో, "నాకేమి కావలెనమ్మా, రామా కృష్ణా యనుకొనుచు నొక మూల గూర్చుండిన చాలును" అని చెప్పుదురు. ఆ మాటను మనమట్లే నమ్మి యూరకుందుము. కాని కార్తికస్నానమునకు బోయివచ్చిన పొరుగింటివారు ప్రసాదము తెచ్చి చేతబెట్టినపుడు, దానిని కన్నుల కద్దుకొని, "ఏరు నిండుగా పారుచున్నదా?" యని వారు తప్పక యడుగుదురు. ఆ ప్రశ్నలోని కోరికను గ్రహింపవలసినవారము మనమే. వారిలో ననేకులు తీర్థమునకు బోవువారికి పులిహోర కలిపి మూటగట్టి యిచ్చినవారే గాని, తాము బోయినవారు గారు. ఇంటిలో నెవరో యొకరుండవలెను గదా యని యేబది యేండ్లు తామే యుండిపోయిరి. ఇప్పుడు తీరిక గలిగినది. కాళ్లు సాగుట లేదు.

అట్టివారిని ఏటియొడ్డునకు సుఖముగా గొనిపోయి తెచ్చుట యెట్లో యీ నెల ముచ్చటింప దలచితిమి.

శృంగవరపుకోటలో నుండు మాకు పుణ్యస్థలములకు గొఱతలేదు. అనంతగిరి కొండలలో బుట్టిన గోస్తని తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణమువద్ద కడలి గలియుచున్నది. ఊరిచెంతనే పుణ్యగిరి యున్నది. కొండధారలలో స్నానమాడి ఉమాకోటిలింగేశ్వరుని సేవించుటకు శివరాత్రినాడు వేలకొలది జనులు వత్తురు. కాని యచట మెట్లెక్కవలెను. మోకాళ్ల నొప్పులుగల వారికి కొండదారి తగదు. అందుచేత పెద్దలతో బోదలచినపుడు మేము నాగావళీ వంశధారల తీరమునే యెంచుకొంటిమి. ఆ క్షేత్రములు నేలమట్టమున నున్నవి. కొండ యెక్కవలసిన పనిలేదు.

మొదట మేము చేసిన తప్పును జెప్పుట న్యాయము. కొన్నియేండ్ల క్రిందట మా యత్తగారిని, ఆమె యక్కగారిని వెంటబెట్టుకొని బయలుదేరితిమి. బండి కుదిరినది గదా, పుణ్యమెంత యెక్కువైన నంత మంచిది గదా యని రెండు దినములలో ఆరు క్షేత్రములను జుట్టివచ్చుటకు ఏర్పాటు చేసితిమి. రామతీర్థమున నడక, అరసవల్లిలో వరుస, శ్రీకూర్మమున మరల నడక. మఱునాడు శ్రీముఖలింగము చేరునప్పటికి మిట్టమధ్యాహ్నమైనది. రాతినేల నిప్పువలె కాలుచున్నది. మా యత్తగారు మండపములో స్తంభమును బట్టుకొని తూలి కూర్చుండిపోయిరి. విచారింపగా, దారిలో మరుగుదొడ్డి దొరకదేమో యను భయముచేత ఆమె తెల్లవారినది మొదలు గుక్కెడు నీరు త్రాగలేదని తెలిసినది. ఆమెను నీడను బరుండబెట్టి నీరిచ్చి తేర్చుకొని, తక్కిన చోటులు మాని యింటికి మరలితిమి. వంశధారను ఆమె బండి కిటికీలోనుండి మాత్రమే చూచినది. "నదిని జూచితినిలే యమ్మా" యని మమ్ము నామెయే యోదార్చినది. ఆ మాట మమ్ము చాలకాలము బాధించినది.

రెండేండ్ల పిమ్మట మరల బోయితిమి. ఈ మాఱు వేఱువిధముగా నడచుకొంటిమి. అప్పుడు నేర్చినదే యిచట వ్రాయుచున్నాము.

మొదటిది కాలము. ఆషాఢము మొదలు ఆశ్వయుజమువఱకు ఏళ్లు పొంగుచుండును. పైని ఒడిస్సా కొండలలో వాన గురిసినచో ఇచట నెండ గాయుచుండగనే నీరు పెరుగవచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ యను తుఫానులు ఈ తీరమును దాకినవి. కావున మార్గశిర పుష్యమాసములు పెద్దలకు మేలు. అప్పుడైనను వాతావరణవార్త విని కదలవలెను. కార్తిక సోమవారములు, రథసప్తమి, శివరాత్రి యను దినములను విడిచిపెట్టుడు. పర్వదినమున బోనిచో పుణ్యము తగ్గునని మనవారి చింత. 2015 జూలై 14న గోదావరీ పుష్కరముల మొదటినాడే రాజమహేంద్రవరమున తొక్కిసలాటలో 27 మంది ప్రాణములు గోలుపోయిరి. మఱునాడును గోదావరి యదియే, మఱుసటి వారమును గోదావరి యదియే. నది యెక్కడికిని పోదు. పెద్దలకు సమ్మర్దము పనికిరాదు.

రెండవది వైద్యుని సలహా. బయలుదేరుటకు పది దినములు ముందుగా చూపించి, మందుల పేర్లు, వేళలు కాగితముమీద వ్రాయించి, ఒక ప్రతి పెద్దల సంచిలోను, ఒకటి మనవద్దను ఉంచుకొనవలెను. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు దర్శనమగువఱకు ఉపవాసముండుట యపాయము. చక్కెర తగ్గి మూర్ఛ రావచ్చును. దేవుడు ఆకలిని గోరడని వారికి మెల్లగా నచ్చజెప్పుడు. వారికి పాదములలో స్పర్శ తగ్గియుండవచ్చును గనుక వేడిరాయి కాల్చినను తెలియకపోవచ్చును. ప్రొద్దెక్కకముందే దర్శనము ముగించి, రాత్రి పడుకొనబోవుముందు అరికాళ్లు చూడవలెను. నీరు తక్కువ త్రాగుటయు, పొద్దుటి రక్తపుపోటు మాత్రయు, ఎండయు గూడినచో వృద్ధులు లేవగనే కన్నులు తిరిగి పడుదురు. కావున మరుగుదొడ్డి యెచటనున్నదో ముందుగా మనమే విచారించి, "ఇచట వసతి యున్నది, నీరు త్రాగుడు" అని చెప్పవలెను. వారు సిగ్గుచే నడుగరు. మనము చెప్పినచో త్రాగుదురు. బసలో కుర్చీవలె గూర్చుండు దొడ్డి గలదా యని గది కుదుర్చుకొనకముందే యడుగుడు.

మూడవది పరీక్ష. ప్రయాణమునకు వారము ముందు పెద్దలతో వీథి చివరవఱకు నడచి, ఎన్ని నిమిషములకు వారు నిలువబడుచున్నారో చూడుడు. ఆ నిమిషముల కొలతయే మీ ప్రయాణమునకు కొలత.

ఇక దారి. శృంగవరపుకోటనుండి విజయనగరము మీదుగా శ్రీకాకుళము సుమారు 100 కిలోమీటర్లు. రైలున బోయినచో శ్రీకాకుళము రోడ్డు స్టేషను ఆమదాలవలసలో నున్నది. అచటనుండి పట్టణమునకు మరల బండి యెక్కవలెను. ఎక్కి దిగుట వృద్ధులకు ప్రయాసము గనుక రోడ్డే మేలు. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు ఆర్టీసీ బస్సులలో స్త్రీశక్తి పథకముక్రింద ఉచితప్రయాణము లభించుచున్నది, గుర్తింపుకార్డు మఱవకుడు. ఆ మిగిలిన సొమ్ము శ్రీముఖలింగమునకు బండి కుదుర్చుకొనుటకు అక్కరకు వచ్చును. గంటకొకమారు దింపి నాలుగడుగులు నడిపింపవలెను.

మొదటిదినము ఉదయమున టిఫిను చేసి బయలుదేరి, శ్రీకాకుళము చేరి, భుజించి నిద్రింపవలెను. సాయంకాలము నాగావళి యొడ్డున నున్న ఉమారుద్రకోటేశ్వరుని గుడికి బోవుడు. బలరాముడు తన నాగలితో నేల జీల్చి యీ నదిని దెచ్చెననియు, దీని తీరమున నైదు శివలింగములను ప్రతిష్ఠించెననియు స్థలపురాణము. ఆ కథను మనము చెప్పబోక వారినే యడుగుడు. వారికి మనకంటె నెక్కువ తెలియును, చెప్పుటలో వారికి సంతోషము గలదు.

రెండవదినము తెల్లవారగనే పట్టణమునకు జేరువనే యున్న అరసవల్లి. ఆదివారము వలదు. మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములు సూర్యకిరణములు స్వామి పాదములను దాకును గనుక అప్పుడును జనసమ్మర్ద మధికము. దర్శనమై వచ్చి, పగలెల్ల విశ్రాంతి. ఓపికయున్నచో సాయంకాలము సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న శ్రీకూర్మము; లేనిచో మానుడు. మానినందుకు వారిచే "నావలన మీకును లేకపోయెను" అనిపింపకుడు.

మూడవదినము పూర్తిగా శ్రీముఖలింగమునకే. శ్రీకాకుళమునకు సుమారు 50 కిలోమీటర్లు. ఉదయమున నాఱుగంటలకు బయలుదేరినచో ఎండ ముదురకముందు చేరవచ్చును. వంశధార యెడమగట్టున నున్న యీ యూరు తూర్పుగాంగుల రాజధానియైన కళింగనగరమని చరిత్రకారులు నిర్ణయించిరి. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు అని మూడాలయములు. సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిపంతులుగారు ఈ గుడి గోడలమీది శాసనములను జదివియే ప్రాచీనలిపులను నేర్చిరి. ఇచట మూడాలయములను జూచుట ముఖ్యము గాదు. ఒక యాలయమును, నదిని దీరికగా జూచుట ముఖ్యము. నాలుగవదినమున నింటికి మరలుడు.

స్నానమునుగూర్చి యొకమాట. వృద్ధులు నడుములోతు దిగనక్కరలేదు. ప్రొద్దెక్కినతర్వాత మెట్టుమీద గూర్చుండబెట్టి, చెంబుతో ముంచి తలపై జల్లినను స్నానమే. ఒకరు క్రిందిమెట్టున నిలువవలెను. పొడితువ్వాలు, శాలువ, మారుచీర చేతికందునట్లుండవలెను.

ఇంకొకటి, దీనినే మనము తఱచుగా మఱతుము. పెద్దలను తీర్థమునకు గొనిపోవుచున్నామని పేరుపెట్టి, పసిబిడ్డలను వారి యొడిలోబెట్టి మనము దర్శనమునకు బోవుట న్యాయము గాదు. సామానునకు కావలి యుంచుటయు నట్టిదే. ఇంట నేబదియేండ్లు కావలి యున్నవారిని ఏటియొడ్డునను గావలియుంచుట యేమి పుణ్యము? బిడ్డలు వచ్చినచో వారిని జూచుకొనుట కొకరిని వేఱుగా నియమింపుడు.

రెండవమాఱు మేము బోయినపుడు మా యత్తగారు వంశధార గట్టున పాదములు నీటనుంచి గంటసేపు గూర్చుండిరి. ప్రక్కన మేము నూరక గూర్చుంటిమి. తమ తల్లిగారు శ్రీముఖలింగము చూడవలెనని కోరి చూడకయే పోయిరని ఆమె అప్పుడు చెప్పిరి. ముప్పదియేండ్లు ఒకే యింట నుండియు నీ సంగతి మే మెన్నడు నెఱుగము. పిమ్మట చెంబు దెమ్మని, నీరు ముంచి, తల్లిగారి పేరుచెప్పి యేటిలో విడిచిరి. ఆనాడు మఱియొక గుడికి బోవలేదు.

కావున సోదరీమణులారా, ఈ మార్గశిరము వచ్చులోపల మీ యింటి పెద్దలను "ఏమి కావలెను?" అని యడుగకుడు. "ఏ నదిని జూడవలెనని యున్నది?" అని యడుగుడు. తప్పక జవాబు చెప్పుదురు.