బిల్లు కప్పుకు కాదు, ఖాళీ గంటకు

నెల్లిమర్లలో వైద్య కళాశాల ఉంది, ఆసుపత్రికి వచ్చిపోయే జనం ఉన్నారు, రామతీర్థం వెళ్లే భక్తులూ ఉన్నారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన మన్యంలో పండిన గింజతో మన ఊళ్లోనే మంచి కాఫీ అమ్మాలని ఓ హోటలాయన అనుకుంటే అది మెచ్చుకోవలసిన ఆలోచనే. అయితే కాఫీ మిషను మాట ఎత్తగానే కరెంటు బిల్లు భయం ముందుకొస్తుంది. ఆ భయంలో ఎంత నిజముందో లెక్క కట్టి చూద్దాం.

లీటరు నీళ్లు 25 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకు కాగడానికి 0.08 యూనిట్ చాలు. సుంకాలన్నీ కలిపి యూనిట్ పది రూపాయలనుకుంటే, 100 మిల్లీలీటర్ల కప్పుకు ఎనిమిది పైసలు. పాలకు పట్టే ఆవిరి కలిపినా పావలా దాటదు. మరి డబ్బు ఎటు పోతుంది?

రెండు గ్రూపుల ఎస్ప్రెస్సో మిషను లోపల పది లీటర్లకు అటూఇటూగా పట్టే బాయిలర్ ఉంటుంది. గిరాకీ ఉన్నా లేకున్నా దాని ఒత్తిడి ముల్లు ఒక బార్ పైన నిలవాలి. ముల్లు కాస్త దిగగానే టక్కుమని శబ్దం, మూడు కిలోవాట్ల హీటర్ అందుకుంటుంది. కాసేపటికి ఆగుతుంది, మళ్లీ అందుకుంటుంది. ఇలా ఊరికే ఉన్నప్పుడు గంటకు 0.6 యూనిట్ ఖర్చవుతుందనుకుంటే, పద్నాలుగు గంటలకు 84 రూపాయలు. రోజుకు నలభై కప్పులమ్మే కొట్టులో కప్పుకు రెండు రూపాయల పైన పడుతుంది. రెండు వందలమ్మితే 42 పైసలే.

గ్యాసు చవకని చాలామంది నమ్మకం. 19 కిలోల బండలో దాదాపు 240 యూనిట్ల వేడి ఉంటుంది. మామూలు పొయ్యి మీద అందులో సగమే గిన్నెకు అందుతుంది. బండ 1,800 రూపాయలనుకుంటే పనికొచ్చిన వేడి యూనిట్ పదిహేను రూపాయలు. పైగా పాలు వేడిగా ఉండాలని సన్నసెగ రోజంతా వెలుగుతూనే ఉంటుంది. వంటమనిషికి ఉక్కపోత అదనం.

అలాగని గ్యాసు గుణాలను తీసిపారేయలేం. నాబ్ తిప్పితే మంట ఆగుతుంది, నిమిషంలో మళ్లీ అంటుకుంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత ఈ ప్రాంతం రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటప్పుడు పొయ్యే దిక్కు, చిన్న ఇన్వర్టరు మూడు కిలోవాట్లు మోయలేదు. మిషనుకు పదమూడు ఆంపియర్లు తట్టుకునే వైరింగు కావాలి, మీటరుకు లోడు పెంచుకోవాలి. పెంచిన ప్రతి కిలోవాటుకూ వాడినా వాడకపోయినా నెలనెలా స్థిర చార్జీ తప్పదు.

మధ్యాహ్నం మిషను ఆపితే మళ్లీ వేడెక్కడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుందని కొందరంటారు. అది నిజం కాదు. చల్లారేకొద్దీ బాయిలర్ నుంచి పోయే వేడి తగ్గుతుంది, కాబట్టి ఆపిన ప్రతిసారీ ఎంతో కొంత మిగులుతుంది. అరగంట ముందే స్విచ్ వేసుకుంటే చాలు. కొనేముందు అమ్మేవాళ్లను బాయిలర్‌కు వేడి పోకుండా తొడుగు ఉందా అని అడగాలి. వీలైతే కొట్టులో మిగతావన్నీ ఆపి, మిషనును ఒక గంట ఊరికే నడిపి మీటరు రీడింగు చూసుకోవాలి. నేను అనుకున్న 0.6 కంటే ఆ అంకె నమ్మదగ్గది.

నా అభిప్రాయం ఇది. రోజుకు యాభై కప్పులు దాటని కొట్టుకు ఇత్తడి ఫిల్టరు, గ్యాసు పొయ్యే మేలు. అరకు పొడి రుచి డికాషనులోనూ బాగా దిగుతుంది. ఆసుపత్రి ఎదురుగా నూటయాభై, రెండు వందల కప్పులు పోయే చోట మిషను పెట్టొచ్చు. అక్కడ కరెంటు కంటే పాలు, పొడి, అద్దె చాలా పెద్ద ఖర్చులు. ఏ గంటలో ఎన్ని కప్పులు పోతున్నాయో ఓ నెల రాసుకుంటే, ఏది కొనాలో ఆ పుస్తకమే చెబుతుంది.