ఇంటి పన్ను లెక్క మా ముందు చదవండి

ఇంటి పన్ను అంటే మన పల్లెల్లో బిల్లు కలెక్టరు రాసిచ్చే చీటీ. అందులో అంకె ఎట్లా వచ్చిందో అడిగినోడు లేడు. ఊళ్లో రెండంతస్తుల మేడకెంత, కాలనీలో రెండు గదుల ఇంటికెంత? డిమాండు రిజిస్టరు తెరిస్తే తెలుస్తుంది. మన ముందు తెరవరు.

పన్ను ఎగ్గొడతామని కాదు మేం అనేది. కడతాం, రసీదు మా పేరున ఇవ్వండి అంటున్నాం. పన్ను రసీదు హక్కు పత్రం కాదని కోర్టులు చెబుతూనే ఉంటాయి. కానీ కరెంటు మీటరుకి పోయినా, అప్పుకి పోయినా ముందు ఆ రసీదే అడుగుతారు. అంచేత పన్ను తక్కువ పడినోడు పెత్తందారైతే, అసలు పన్నే పడనోడు మావోడు. రెండూ అన్యాయమే.

1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కొత్త పన్నులు, పన్నుల పెంపు గ్రామసభ ముందుకు రావాలి. సభ చెప్పిన మాటను పంచాయతీ పరిగణనలోకి తీసుకుంటే చాలు. చెవిన వేసుకుని ఊరుకోవచ్చన్నమాట!

పట్టణాల సంగతి ఇంకోటి. ఆస్తిపన్ను లెక్కల మీద రాష్ట్రస్థాయి బోర్డు పెడితేనే అదనపు గ్రాంటు అని 13వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది. నమూనా పశ్చిమ బెంగాల్‌ది. 2021 ఏప్రిల్ నుంచి మన మున్సిపాలిటీల్లో అద్దె విలువ పోయి మూలధన విలువ మీద పన్ను వచ్చింది, ఏడాదికి పెంపు 15 శాతం దాటకుండా. మార్కాపురంలో గాని దర్శిలో గాని జనాన్ని ఓటడిగిందెవరు?

ఓటడిగితే సరిపోతుందా? అమెరికాలో కాలిఫోర్నియా జనం 1978 జూన్ 6న ఓటేసి ఆస్తిపన్నును విలువలో ఒక శాతానికి, విలువ పెంపును ఏడాదికి రెండు శాతానికి కట్టేశారు. ఎప్పుడో కొన్నోళ్లు బాగుపడ్డారు. కొత్తగా కొన్నోడికి అదే వీధిలో ఎన్నో రెట్లు పన్ను. పెద్ద వ్యాపారాల ఆస్తులకన్నా మార్కెట్ విలువ మీద వేద్దామని 2020లో మళ్లీ ఓటు పెడితే అదీ ఓడింది. ఆస్తి ఉన్నోళ్ల ఓటు ఆస్తినే కాచింది.

మరి మన ఊళ్లో చేతులెత్తి ఓటంటే? పొద్దున కూలికి పిలిచేవాడి ఎదురుగా అతని మేడకి పన్ను చాలదని చెయ్యెత్తాలి. 1985లో కారంచేడు చూసిన వాళ్లం, ఆ మాట తేలిగ్గా అనలేం. ఊరే ప్రజాస్వామ్యానికి పునాది అన్నవాళ్లతో అంబేడ్కర్ 1948 నవంబరులో రాజ్యాంగ సభలోనే తగాదాపడ్డాడు. అది మాకు పుస్తకంలో విషయం కాదు.

కాబట్టి మాకు ఓటూ కావాలి, పైన కన్నూ కావాలి. ఓటు చీటీల మీద, రహస్యంగా. పై అధికారి వచ్చి కొలతలు తిరగ కొలవాలి, మేడ నుంచి మొదలుపెట్టి, కాలనీ నుంచి కాదు. 2024 ఆగస్టు 23న ఉపాధి పనుల కోసం 13,326 పంచాయతీల్లో ఒకే రోజున గ్రామసభలు పెట్టగలిగిన ప్రభుత్వానికి, పన్ను జాబితా చదవడానికి ఇంకొక్క రోజు దొరకదా? ఆ సభ రచ్చబండ దగ్గర కాదు, మాలపల్లె మాదిగపల్లెల్లో పెట్టాలి.

ముండ్లమూరు చుట్టుపక్కల మనవాళ్లంతా వచ్చే గ్రామసభకి పాత రసీదులు పట్టుకు రండి. లేనోళ్లు ఇంటి పట్టా నకలు తెండి. అర్జీ మేం రాసిపెడతాం.