లొట్టిలో ఏం కలిసింది?

ఇంట్లో సొంతంగా బీరు తయారు చేసుకునేవారి మధ్య ఏళ్ల తరబడి తెగని తగవు ఒకటుంది. బార్లీ గింజ దగ్గర్నుంచి మొదలుపెట్టినవాడిదే అసలు పనితనమా, బజార్లో దొరికే మాల్ట్ పాకం డబ్బా తెచ్చుకుని నీళ్లలో కలిపి పులియబెట్టినవాడిది కూడా పనితనమేనా అన్నది ఆ తగవు. అమెరికాలో ఇంటి బీరు 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకంతో చట్టబద్ధమైంది. పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు, అంతకు మించి ఉంటే 200 గ్యాలన్లు సొంత వాడకానికి చేసుకోవచ్చు. చివరి రెండు రాష్ట్రాలు అలబామా, మిసిసిపి ఒప్పుకునేసరికి 2013 వచ్చింది. మన దగ్గర లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం నేరం. అంతమాత్రాన ఆ తగవుతో మనకేం పని అని పక్కన పెట్టేయలేం. మేళ్లచెరువు నుంచి కోదాడ, మిర్యాలగూడ దాకా పొలం గట్ల మీద తాళ్లు ఉన్నంతకాలం ఆ ప్రశ్న మన కల్లు మండువాల్లోనూ ఉంటుంది, మరింత బరువుగా ఉంటుంది.

గింజతో మొదలుపెట్టేవాడి పని చిన్నదేమీ కాదు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని పలుకుగా పగలగొట్టాలి. 65 డిగ్రీలకు అటూ ఇటూగా ఉన్న వేడినీళ్లలో గంటసేపు ఊరనివ్వాలి. ఆ వేడి ఐదారు డిగ్రీలు తప్పితే బీరు తీరే మారిపోతుంది. గింజలోని పిండి చక్కెరగా మారాక ఆ తీపి నీళ్లు వడకట్టి, హాప్స్ పువ్వులు వేసి మరో గంట మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి, వారం రెండు వారాలు కనిపెట్టుకుని ఉండాలి. డబ్బా కొన్నవాడికి ఇందులో మొదటి సగం తప్పుతుంది. మూత తీస్తే ముదురు గోధుమ రంగు పాకం చెంచాకు అంటుకుని తీగలా సాగుతుంది. ఊరవేయడం, వడకట్టడం ఎవరో కర్మాగారంలో చేసి చిక్కబరిచి పంపారు. మిగతా సగం మాత్రం అతనే చేసుకోవాలి. గిన్నె, సీసా శుభ్రంగా లేకపోతే పులిసి పాడయ్యేది అతని బీరే. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్న రోజుల్లో కొన్ని బీరు కంపెనీలు ఇలాంటి పాకం డబ్బాలు అమ్ముకుని నెట్టుకొచ్చాయి. కొన్నవాళ్లు వాటితో ఏం చేస్తున్నారో ఊరందరికీ తెలుసు.

పద్ధతి తప్పకూడదనేవారు జర్మనీని చూపిస్తుంటారు. బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేదీ ఉండకూడదని 1516లో బవేరియా పాలకులు శాసనం చేశారు. ఆ మూడింటిలో ఈస్ట్ పేరే లేదు. పులియబెట్టేది ప్రాణమున్న కణమేనని పాశ్చర్ నిరూపించేసరికి మూడు వందల ఏళ్లు దాటిపోయాయి. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచి చూపాడు. ఇవాళ గింజతో మొదలుపెట్టానని గర్వపడేవారిలో చాలామంది ఈస్ట్ పొట్లం కొనుక్కునేవారే. వారి బార్లీని మొలకెత్తించి ఆరబెట్టింది కూడా ఇంకెవరో. ఎక్కడో ఒకచోట అందరం మరొకరి శ్రమను అందుకుని మన పని మొదలుపెడతాం. గ్రైండర్లో రుబ్బిన పిండితో పోసిన దోసె దోసె కాదని మన ఇళ్లలో ఎవరూ అనరు. పాకం డబ్బాతో చేసిన బీరునూ ఆ కంటితోనే చూడాలి.

ఇక మన సంగతి. మేళ్లచెరువు పేరు చెబితే చుట్టుపక్కల వారికి శివరాత్రి గుర్తొస్తుంది. స్వయంభూ శంభులింగేశ్వరస్వామి జాతర, బండలాగే ఎడ్ల పందేలు, చుట్టూ సున్నపురాయి నేల, ఆ నేలను నమ్ముకుని వెలసిన సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ రోజులే తాటికల్లుకూ అదను. పొద్దు పొడిచేవేళకు గౌడన్న ముస్తాదు సర్దుకుని బయలుదేరతాడు. నడుమునూ చెట్టునూ కలిపి మోకు, కాళ్లకు గుజి, నడుముకు కత్తి. 50 అడుగుల ఎత్తున మట్టల మధ్య కుదురుకుని గెల కొసను గీస్తాడు. మందంగా గీస్తే గెల త్వరగా అరిగిపోతుంది, మరీ పలచగా గీస్తే నీరు సరిగా ఊరదు. కత్తి పదును ఎంత ఉండాలో, ఏ మేరకు తీయాలో చేతికి తెలియాల్సిందే. గీసిన చోట తడి చెమర్చి, చుక్క కట్టి, లొట్టిలో రాలుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, చెట్టు చెట్టుకూ ఇదే పని. లొట్టిలో పడే చుక్క ఉత్త తీపి నీరు. గాలిలో, లొట్టి గోడల్లో ఉన్న ఈస్ట్, బ్యాక్టీరియా గంటల్లోనే పని అందుకుంటాయి. పొద్దున దించింది మధ్యాహ్నానికి నురగ కడుతుంది. రోజు గడిస్తే ఘాటెక్కుతుంది. ఇంకా ఉంచితే పులిసి నోట పెట్టలేం. ఏ చెట్టుది తియ్యగా ఉంటుందో, ఏది వగరో, పోతుతాటి కల్లుకూ పండుతాటి కల్లుకూ తేడా ఏమిటో రేకలో పోయకముందే వాసన పట్టి చెప్పగలిగినవారు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నారు.

ఈ పనిలో దగ్గరిదారులు లేవా అంటే, ఎప్పటినుంచో ఉన్నాయి. నిన్నటి కల్లు అడుగున కాస్త మిగిలితే ఇవాళ్టిది త్వరగా పొంగుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది. తాటిబెల్లం వండేది అలా దించిన నీరాతోనే. మట్టి లొట్టి పగులుతుందని ప్లాస్టిక్ డబ్బాలు కట్టేవారున్నారు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో తెరిచిన నీరా కేఫ్‌ను నిలబెట్టేది శీతలీకరణ. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కాటమయ్య రక్ష కిట్ల పంపిణీ ప్రారంభించారు. కాలు జారినా కిందపడకుండా పట్టి ఆపే బెల్టు, తాడు అందులో ఉంటాయి. తాతల నాటి మోకు ఒక్కటే పట్టుకుని ఎక్కితేనే గీతపని అనే మాట అక్కడక్కడా వినిపిస్తుంది. చెట్టు మీంచి పడి నడుము విరిగి మంచం పట్టిన మనిషి ఇంటికి వెళితే ఆ మాట నోట రాదు. గీసేవాడి ప్రాణానికి భద్రత, వాడి కీళ్లకు సుఖం తెచ్చే సులువు ఎంత వస్తే అంత మంచిది. అందులో కల్లుకు తగ్గేది ఏమీ లేదు. గెలను గీసింది చెయ్యే, పులిసింది చెట్టు నీరే.

కలవరపెట్టే దారి ఇంకొకటి ఉంది. అందులో చెట్టు ఎక్కే పనే లేదు. నీళ్లలో శాకరిన్ తీపి, నురగకో పొడి, మత్తుకు క్లోరల్ హైడ్రేట్. అది కాకపోతే డైజోపామ్, ఆల్ప్రజోలం. పేరుకు కాస్త కల్లు పోస్తే పోస్తారు, లేకుంటే అదీ లేదు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరం కాగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆసుపత్రులు నిండిపోయాయి. అలవాటైన మందు ఒక్కసారిగా అందక వణుకు, మూర్ఛ, మతి తప్పిన చూపులతో వందల మంది వచ్చిపడ్డారు. తాము ఇన్నాళ్లూ తాగుతున్నది కల్లేననుకున్న మనుషులు వారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి అనేకమంది ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా పోయినవారిలో ఎక్కువమంది రెక్కాడితే గాని డొక్కాడనివారే. ఒళ్లు నొప్పులు మరిచి నిద్రపోదామని పది ఇరవై రూపాయలు పెట్టి సీసా కొనుక్కున్నవారికి ఆ శిక్ష ఏమిటి?

పాకం డబ్బా కొన్నవాడికి అది ఏమిటో తెలుసు. డబ్బా మీద రాసి ఉంటుంది, లోపల ఉన్నదీ బార్లీయే, తర్వాత ఈస్ట్ చేసే పని చేస్తుంది. పొడి కలిపిన సీసాలో పులిసింది ఏమీ లేదు, కొన్నవాడికి చెప్పిందీ ఏమీ లేదు. కాబట్టి ఎన్ని మెట్లు ఎక్కారు, ఎంత చెమటోడ్చారు అని లెక్క కట్టి అసలుదీ నకిలీదీ తేల్చడం సరైన కొలత కాదు. చెట్టు చేయాల్సిన పని చెట్టు చేసిందా, తాగేవాడికి నిజం చెప్పారా అన్న రెండు విషయాలే చూడాలి.

కల్తీకి గౌడన్నను నిందించడం మాత్రం అన్యాయం. హైదరాబాద్ నగరంలో 2004లో మూతపడిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. కానీ అక్కడ తాళ్లేవీ, ఈదులేవీ? కల్లు జిల్లాల నుంచి రావాలి, ఒక్క రోజులో పులిసిపోతుంది. ఆ ఎడంలోకే పొడి చొరబడింది. పొడి వ్యాపారం పెరిగిన చోటల్లా ముందు దెబ్బతినేది చెట్టెక్కే మనిషే. రెండు పూటలా ప్రాణం అరచేతిలో పెట్టుకుని దించిన కల్లూ, గదిలో కూర్చుని కలిపిన నీళ్లూ ఒకే ధరకు అమ్ముడుపోతే కొడుకుకు మోకు ఎందుకు ఇస్తాడు? కంఠమహేశ్వరుడికి, ఎల్లమ్మకు సాక పోసి మొదలయ్యే వృత్తి ఇది. దేవుడి ముందు పోసేదీ మనిషికి పోసేదీ ఒకటే కావాలన్న పట్టుదల అందులో ఉంది. దాన్ని నిలబెట్టే బాధ్యత ఒక్క కులానిది కాదు.

ఎక్సైజ్ శాఖ పరీక్షలు ప్రమాదం జరిగాక నగరంలో చేస్తే చాలదు. మండల కేంద్రాల దుకాణాలకూ ఏడాది పొడుగునా రావాలి, ఫలితం దుకాణం ముందు అందరికీ కనిపించేలా పెట్టాలి. రక్షణ కిట్లు చెట్టెక్కే ప్రతి చేతికీ అందాలి. పొలం చదును చేసేటప్పుడు గట్టు మీది తాడును వదిలేయమని రైతులను అడగాలి. కల్లు తాగే అలవాటున్నవారికి ఒక మనవి: సీసా అందుకునే ముందు ఇది ఏ ఊరి చెట్టుది, ఎవరు గీశారు, ఎప్పుడు దించారు అని అడగండి. ఆ మూడింటికీ జవాబు చెప్పలేని దుకాణంలో కల్లు కొనకండి.