గురి తప్పేది గొట్టంలోనే

అమెరికాలో ఇప్పటికీ 19వ శతాబ్దపు రైఫిళ్లతో గురి పోటీలు జరుగుతున్నాయి. ఒకసారికి ఒకే తూటా పట్టే షార్ప్స్, రెమింగ్టన్ నమూనా తుపాకులు, పోతపోసిన సీసపు బుల్లెట్లు, సురేకారం, బొగ్గు, గంధకం కలిపి చేసే పాతకాలపు మందు వాటి సరంజామా. ఈ తుపాకుల కోసమే అక్కడి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1985లో ఒక పోటీ మొదలుపెట్టింది. 200 మీటర్ల దూరంలో కోడి, 300 దగ్గర పంది, 385 దగ్గర టర్కీ కోడి, 500 దగ్గర పొట్టేలు ఆకారంలో కోసిన ఉక్కు బొమ్మలను పడగొట్టాలి. తూటాలను దాదాపుగా ఎవరికి వారే తయారు చేసుకుంటారు. గురి మెరుగుపడాలంటే తూటాలో ఏం మార్చాలన్న చర్చ వాళ్ల మధ్య ఎన్నడూ ఆగింది లేదు. ఆ చర్చలో త్రాసుకు ఇవ్వాల్సినదానికన్నా ఎక్కువ పెత్తనం ఇచ్చారని నా వాదన. ఎంత మందు పోశామో తూచడం తేలిక, అంకె కళ్ల ముందే కనిపిస్తుంది. ముందు పేలిన తూటా గొట్టంలో ఏం మిగిల్చి పోయిందో, బుల్లెట్ అడుగు అంచు ఎలా ఉందో చెప్పే త్రాసు లేదు. గురి చెడేది ముఖ్యంగా ఆ రెండు చోట్లే. కొలవడానికి వీలైనదే ముఖ్యమైనదని నమ్మడం తుపాకుల లోకానికే పరిమితం కాదు గాని, ఇక్కడ ఆ నమ్మకం ఎంత ఖరీదైనదో లెక్క వేసి చూపించవచ్చు.

ముందుగా త్రాసు సంగతి. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న 45-70 తూటానే తీసుకుందాం. బుల్లెట్ బరువు 405 గ్రెయిన్లు, అంటే సుమారు 26 గ్రాముల సీసం. దాని వెనుక 70 గ్రెయిన్ల మందు, అంటే నాలుగున్నర గ్రాములు. ఇప్పటి ఎలక్ట్రానిక్ త్రాసులు గ్రెయిన్‌లో పదో వంతు దాకా చూపిస్తాయి. పలుకు పలుకూ తీస్తూ వేస్తూ ఆ పదో వంతు సరిచేసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. అది మొత్తం మందులో ఏడు వందల వంతుల్లో ఒక వంతు. దానివల్ల బుల్లెట్ వేగం మారేది సెకనుకు అడుగు అటూ ఇటూ, అదీ పన్నెండు పదమూడు వందల అడుగుల వేగంలో. అలాంటి బుల్లెట్ 1000 గజాల దూరం పోవడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. ఆలోగా గొట్టం చూపిన గీత నుంచి నలభై మీటర్ల దరిదాపుల్లో కిందికి జారుతుంది. వేగంలో అడుగు తేడా వస్తే ఆ జారుడు మారేది నాలుగైదు సెంటీమీటర్లు. 1874లో ఆ దూరాన కొట్టాల్సిన నడిమి చదరం వెడల్పు మూడు అడుగులు. పైగా ఈ మందులో మామూలుగా ఒక శాతం దాకా తేమ ఉంటుంది. 70 గ్రెయిన్లలో ఒక శాతమంటే గ్రెయిన్‌లో ఏడు పదో వంతులు. డబ్బా మూత ఎంతసేపు తీసి ఉంచామన్నదాన్ని బట్టి ఆ తేమ మారుతుంది. అలాంటప్పుడు పదో వంతు కోసం పాకులాడడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

ఇక గొట్టం దగ్గరికి వద్దాం. ఆధునిక పొగలేని మందు కాలితే దాదాపు అంతా వాయువైపోతుంది. పాతకాలపు మందు అలా కాదు. 1870ల్లో ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు దాన్ని మూసిన ఉక్కు పాత్రల్లో పేల్చి, మిగిలినదాన్ని తూచి చూశారు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలింది. అంటే నాలుగున్నర గ్రాముల మందు పేలితే రెండు గ్రాములకు పైగా పొటాషియం లవణాలు పుడతాయి. అందులో కొంత పొగగా బయటికి పోతుంది, మిగతాది గొట్టం లోపలి గోడలకు, మెలి తిరిగిన గాడులకు పట్టుకుంటుంది. ఈ మసికి నీటిని పీల్చే గుణం ఉంది. గాలిలో తేమ ఉంటే మెత్తగా జారుడుగా ఉంటుంది, ఎండ కాసి గాలి పొడిగా ఉంటే పెంకులా గట్టిపడుతుంది. పొద్దున తొమ్మిదికి ఒకలా, మధ్యాహ్నం రెండింటికి ఇంకోలా ఉండే గొట్టంలోంచి ఒకే తూటా ఒకేలా పోదు. పాత రోజుల్లో సురేకారాన్ని శుద్ధి చేయడానికి అంత తంటాలు పడ్డది కూడా తేమ భయంతోనే. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో బీహార్ నుంచి ఇంగ్లండ్ చేరిన సురేకారంలో ఇతర లవణాలు ఏమాత్రం మిగిలినా మందు చెమ్మగిల్లేది.

ఈ మసిని ఒక తీరుగా ఉంచడానికే బుల్లెట్ చుట్టూ గాడుల్లో తేనెమైనం, జంతువుల కొవ్వు కలిపిన మెత్తని పూత పెడతారు. ఆ పూత గొట్టం చివరిదాకా సరిపోయిందా లేదా అన్నది చూడాలంటే తుపాకి మూతి చూస్తే చాలు. సరిపోతే మూతి అంచున, గాడులు బయటికి వచ్చే చోట, జిడ్డు నల్లటి నక్షత్రంలా తడిగా మెరుస్తుంది. సరిపోకపోతే చివరి నాలుగైదు అంగుళాలు ఎండిన మసితో గరుకెక్కుతాయి, సీసం అక్కడ గీసుకుపోతుంది. అనుభవమున్న వాళ్లు ప్రతి తూటాకూ మధ్య వెనుకవైపు నుంచి చిన్న గొట్టం అమర్చి నోటితో ఊదుతారు. ఊపిరిలోని తేమే మసిని మెత్తబరుస్తుంది. లేదా తడిగుడ్డ ఒకసారి, పొడిగుడ్డ ఒకసారి దూర్చి తుడుస్తారు. రెండింటిలో ఏదైనా పనిచేస్తుంది. ఒకసారి మూడు ఊపిర్లు, తొందరలో ఉంటే ఒకటి, ఎండ ముదిరాక కూడా ఆ మూడే అన్నప్పుడే అసలు చిక్కు. మందులో పదో వంతు తేడాను సహించని మనిషే ఈ తేడాను పట్టించుకోడు. ఎందుకంటే దీనికి అంకె లేదు.

చరిత్రలో దీనికి మంచి ఆధారం 1874 సెప్టెంబర్ 26న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మూర్ మైదానంలో జరిగిన పోటీ. అంతకు ముందు ఏడాది ఇంగ్లండ్‌లో ఎల్కో షీల్డ్ గెలిచిన ఐర్లండ్ జట్టు అమెరికన్లను సవాలు చేసింది. ఐరిష్ వాళ్లవి మూతిలోంచి మందు, బుల్లెట్ దట్టించే రిగ్బీ రైఫిళ్లు. అమెరికన్లవి వెనుకవైపు నుంచి ఇత్తడి తూటా పెట్టే కొత్త తరహా షార్ప్స్, రెమింగ్టన్‌లు. చేత్తో దట్టించే పాత పద్ధతిదే కచ్చితమైన గురి అని ఆనాటి నిపుణుల్లో గట్టి నమ్మకం ఉండేది. జట్టుకు ఆరుగురు, 800, 900, 1000 గజాల దగ్గర ఒక్కొక్కరు పదిహేనేసి సార్లు కాల్చారు. గరిష్ఠంగా రాగల పాయింట్లు 1080. అమెరికన్లకు 934, ఐరిష్ వాళ్లకు 931 వచ్చాయి. 800 గజాల దగ్గర అమెరికన్లు తొమ్మిది పాయింట్లు ముందుంటే, 900 దగ్గర రెండు, 1000 దగ్గర నాలుగు పాయింట్లు ఐరిష్ వాళ్లే ఎక్కువ తెచ్చుకున్నారు. ఐరిష్ జట్టులో మిల్నర్ అనే ఆయన నడిమి చదరాన్నే కొట్టాడు గాని అది పక్క లక్ష్యానిది. నాలుగు పాయింట్లు సున్నా అయ్యాయి. పోటీ గెలిచింది మూడు పాయింట్లతో. కొత్త యంత్రం పాతదాన్ని ఓడించిందని ఆ తర్వాత చాలామంది రాశారు. అంకెలు ఆ మాట చెప్పడం లేదు. రెండు పూర్తిగా వేర్వేరు పద్ధతులు నూటికి ఎనభై ఆరు దగ్గర పక్కపక్కనే వచ్చి ఆగాయి. రెండు వైపులా ఉమ్మడిగా ఉన్నదేమిటి? గొట్టం స్థితిని ప్రతి తూటాకూ ఒకేలా నిలబెట్టాలన్న పట్టుదల. ఆ రకం పోటీలకు రెండు తూటాల మధ్య తుడవడం పని తీరులో భాగమే. ఆ ఒక్క పోటీతోనే అంతా రుజువైపోయిందని అనను. యంత్రం తేడా ఎంత స్వల్పమో మాత్రం అది తేల్చేసింది.

రెండో చోటు బుల్లెట్ అడుగు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని మిల్‌ఫోర్డ్‌కు చెందిన డాక్టర్ ఫ్రాంక్లిన్ మాన్ దశాబ్దాల పాటు చేసిన ప్రయోగాలను 1909లో పుస్తకంగా వేశారు. మనిషి చేతి వణుకు అడ్డం రాకుండా గొట్టాన్ని కాంక్రీటు దిమ్మె మీద బిగించి, దారి పొడవునా పలుచని కాగితపు తెరలు పెట్టి, బుల్లెట్ ఎక్కడెక్కడ ఎలా పోయిందో చూశారాయన. కావాలని కొన్ని బుల్లెట్ల ముక్కు చెడగొట్టారు, కొన్నింటి అడుగు చెడగొట్టారు. ముక్కు చెడిన బుల్లెట్లు గురిని పెద్దగా తప్పలేదు. అడుగు అంచు ఒకవైపు చెదిరినవి మాత్రం చెల్లాచెదురయ్యాయి. కారణం అర్థం కానిదేమీ కాదు. గొట్టంలోంచి ఆఖరున బయటపడేది అడుగు భాగమే. అంచు ఒకవైపు తెగి ఉంటే, వెనుక తోస్తున్న వాయువు ఆ సందులోంచి ముందుగా తన్నుకొస్తుంది, బుల్లెట్ తోక పక్కకు జరుగుతుంది. ఇప్పుడు త్రాసు దగ్గరికి మళ్లీ రండి. లోపల గాలిబుడగ ఉన్న పోతను త్రాసు పట్టుకుంటుంది, దానికి ఆ గౌరవం ఇవ్వాల్సిందే. అడుగు అంచున గోటి కొనంత నొక్కు పడిన బుల్లెట్‌ను మాత్రం అది నిక్షేపంగా పాస్ చేసేస్తుంది. పోసిన సీసం తోక కోసేటప్పుడు పడిన గాటునో, వేడి చాలక అంచు గుండ్రంగా తిరిగిన పోతనో పట్టుకోవాలంటే దీపం వెలుగులో భూతద్దం పెట్టి, చేత్తో తిప్పి చూడాల్సిందే. జెర్సీ సిటీలో గొట్టాలు చేసిన హ్యారీ పోప్ ఇది బాగా ఎరిగినవాడు. ఆయన తుపాకుల్లో బుల్లెట్‌ను మూతిలోంచి దింపి, మందు నింపిన ఇత్తడి కేసును వెనుక నుంచి పెట్టేవారు. మూతిలోంచి దిగేటప్పుడు గాడులు ఒరుసుకుని లేచే సీసపు పొరలు ముందుకే పోతాయి, అడుగు అంచు శుభ్రంగా మిగులుతుంది. అంత శ్రమ పడింది ఆ అంచు కోసమే.

అలాగని తూటా నింపడంలో చూడాల్సిందేమీ లేదని కాదు. మందుకూ బుల్లెట్‌కూ మధ్య ఖాళీ ఉండకూడదు, ఉంటే గొట్టమే దెబ్బతినవచ్చు. పొడవాటి గొట్టంలోంచి నెమ్మదిగా జారవిడిస్తే మందు సర్దుకుని కూర్చుంటుంది. దాని మీద అట్టబిళ్ళ పెట్టి ప్రతిసారీ అంతే లోతుకు నొక్కాలి. ఆ నొక్కుడు మారితే మందు కాలే వేగం మారుతుంది. ఇవన్నీ అవసరమే. ఒకసారి పద్ధతి కుదిరాక వీటిలో తేడా వచ్చే అవకాశం తక్కువ కాబట్టే వీటిని తొందరగా దాటేస్తున్నాను. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరమన్నది కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచే వస్తుంది. త్రాసు దగ్గర ఓపిక పట్టాకే మా గురి కుదిరింది, కాగితం మీద కన్నాలు సాక్ష్యం అంటారు. వాళ్ల నిజాయితీని శంకించను. ఎన్ని కన్నాలన్నదే ప్రశ్న. ఈ లోకంలో చాలా తీర్పులు మూడు, ఐదు తూటాల గుంపుల మీద వెలువడుతున్నాయి. ఏ మార్పూ చేయని ఒకే రకం తూటాలు కాల్చినా మూడు కన్నాల గుంపు ఒకసారి రెండు అంగుళాలు, ఇంకోసారి నాలుగు అంగుళాలు రావడం మామూలే, అది కేవలం యాదృచ్ఛికం. అదే తుపాకి పది తూటాలు కాలిస్తే గుంపు సగటున మూడు తూటాల గుంపుకు ఒకటిన్నర రెట్ల పైనే ఉంటుంది. అంటే మూడు కన్నాలతో మెచ్చుకున్న తూటా నిజంగా మంచిదో, ఆ పూట అదృష్టమో తెలియదు. పాతకాలపు మందుకు ఇంకో మెలిక ఉంది. మూడు తూటాలకు మసి పేరుకోనే పేరుకోదు. అసలు శత్రువు రంగంలోకి దిగేలోపే పరీక్ష ముగించేసి తూటాకు యోగ్యతాపత్రం ఇస్తున్నారు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. గాలివాటం, కాల్చే మనిషి పొరపాటు ముందు తూటా తేడాలు ఏపాటివి, మసి అయినా మందు అయినా అంటారు. ఇందులో నిజం ఉంది, లెక్క కూడా దాన్నే సమర్థిస్తుంది. ఒకదానికొకటి సంబంధం లేని తప్పులు మామూలుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి. ఒక కారణం వల్ల 30 సెంటీమీటర్లు, ఇంకో కారణం వల్ల 10 సెంటీమీటర్లు చెదిరితే మొత్తం 40 అవదు, 32 లోపే ఉంటుంది. ఆ పదిని పూర్తిగా తుడిచేసినా మిగిలే లాభం రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. ముప్పైని సగం చేస్తే చెదురు 18కి పడిపోతుంది. చిన్న తప్పును వెంటాడడం దండగ అనడానికి ఇంతకన్నా మంచి ఆధారం నాకు దొరకదు. ఏది చిన్నది, ఏది పెద్దది అన్నదే తేలాలి. మాన్ కాంక్రీటు దిమ్మె కట్టుకున్నది మనిషినీ తూటానూ విడదీసి చూడడానికే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కంచు పతకం గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అక్కడ మసి లేదు, మందు లేదు. అయినా ఆ స్థాయి క్రీడాకారులు తుపాకిని బిగించి పెట్టి, ఏ విడత పెల్లెట్లు తమ గొట్టానికి సరిపోతాయో కాల్చి చూసి మరీ కొంటారు. పెల్లెట్‌ను తూచినా గొట్టంతో దానికి కుదురుతుందో లేదో తెలియదు, కాల్చి చూస్తేనే తెలుస్తుంది.

పాతకాలపు తూటాల గురించి పుస్తకాలు, పత్రికలు అచ్చువేసే వంటకాల్లో మందు బరువు గ్రెయిన్‌లో పదో వంతు దాకా ఉంటుంది. తూటాకూ తూటాకూ మధ్య ఎన్నిసార్లు ఊదారు, ఏ గుడ్డతో తుడిచారు, ఆ రోజు గాలిలో తేమ ఎంత, గుంపులో తూటాలు ఎన్ని అన్నది చాలాసార్లు ఉండదు. ఆ నాలుగు సంగతులు లేని వంటకాన్ని అచ్చువేయకూడదని సంపాదకులు పట్టుబట్టాలి. పోటీకి వారం రోజులున్న షూటర్ ఆ వారాన్ని త్రాసు ముందు గడపనక్కర్లేదు. మంచి కొలపాత్రతో మందు పోసుకుని, మిగిలిన సమయాన్ని భూతద్దం కింద బుల్లెట్ అడుగులు ఏరడానికి వాడుకోవాలి. తర్వాత మైదానంలో వరసగా పదేసి తూటాలు కాలుస్తూ, ఏ ఎండకు ఎన్ని ఊపిర్లు పడితే మూతి దగ్గర ఆ జిడ్డు నక్షత్రం తడిగా నిలుస్తోందో రాసి పెట్టుకోవాలి.