వ్యాను మాట్లాడుకున్నారా? అయితే ఈ నాలుగు మాటలు

పెరటాసి నెల దగ్గరికొచ్చేసింది. తిరుపతి గొడుగులు యానైకవుని దాటి, మన చూలై మీదుగా, అవధానం పాపయ్య వీధి గుండా ఓటేరి వైపు సాగిపోయాయంటే చాలు, మన లైన్లలో ఒకటే మాట: "మనమెప్పుడు పోదాం?" వెంటనే వీధికొకరు నోటుబుక్కు తీసి, తలకింత అని వసూలు మొదలుపెడతారు. మా వీధిలో ఆ నోటుబుక్కు చాలా ఏళ్లుగా నా చేతిలోనే ఉంది. అందుకని ఈ నెల నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్తాను.

అమెరికాలో చక్రాల మీద ఇల్లు పెట్టుకొని ఊళ్లు తిరుగుతారు. దాన్ని ఆర్.వి. అంటారు. పొయ్యి, మంచం, కక్కూసు అన్నీ లోపలే. మనకిదేం కొత్త కాదు. పాతరోజుల్లో ఆడి నెలలో పెరియపాళయం భవానమ్మ దగ్గరికి ఎద్దుబండ్లు కట్టుకొని పోయేవాళ్లు. ఆరణి ఏటి ఒడ్డున బండి పక్కనే వంట, బండి కిందే నిద్ర. ఇప్పుడు ఎద్దులు పోయి ఇంజను వచ్చింది, అంతే తేడా. కాకపోతే ఎద్దుకు అలుపొస్తే అదే ఆగిపోయేది. ఇంజనుకు అలుపు లేదు. దాన్ని తోలే మనిషికి మాత్రం ఉంది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

మొదట బండి. అడ్వాన్సు ఇవ్వకముందే నంబరు ప్లేటు చూడండి. పసుపు పలక మీద నల్ల అక్షరాలుంటే అది అద్దెకు తిరిగే బండి. తెల్ల పలకైతే సొంతానికి వాడుకొనే బండి, అద్దెకు తిప్పకూడదు. తక్కువకు వస్తుందని తెల్ల బోర్డు ఎక్కితే, దారిలో ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సు డబ్బు రావడం గగనమైపోతుంది. మనం ఆంధ్రాలోకి దాటి పోతున్నాం కాబట్టి పర్మిట్టు ఉందా అని కూడా అడగండి. అడిగితే ఓనరు కోపగించుకుంటే, ఆ బండి వద్దు.

సీట్లు 17 అంటే మనుషులు 17. "పిల్లలే కదా, ఒళ్లో కూర్చుంటారు" అని 24 మందిని కుక్కకండి. ఒళ్లో కూర్చున్న పిల్లాడు తిరుత్తణి దాటేసరికి పెద్దమనిషంత బరువెక్కుతాడు. బ్రేకు పడితే మొదట ముందుకు పడేది కూడా వాడే.

వాంతులయ్యేవాళ్లకు వెనక సీటు ఇవ్వొద్దు. ముందువైపు కూర్చోబెట్టి, కిటికీ తెరిచి, దూరంగా కనబడే కొండల్ని చూడమనండి. సెల్‌ఫోను చూస్తే కడుపు ఇంకా తిప్పుతుంది. అవ్వల బీపీ, షుగరు మాత్రలు బండి మీద కట్టిన మూటలో కాదు, చేతిసంచిలో ఉండాలి. ఇది ప్రతి ఏడూ చెప్తాను, ప్రతి ఏడూ ఎవరో ఒకరు నగరి దగ్గర బండాపి మూటలు దించుతారు.

తిండికి మన చింతపండు పులిహోరను మించింది లేదు. నూనె కాస్త ధారాళంగా పోస్తే మరుసటి రోజు పొద్దునకీ నిలుస్తుంది. ఇడ్లీకి నూనె, కారప్పొడి పట్టించి తీసుకెళ్లండి. కొబ్బరి చట్నీ మాత్రం వద్దు, పుత్తూరు చేరేలోపే వాసనొస్తుంది. పెరుగన్నంలో పెరుగు తగ్గించి పాలు ఎక్కువ పోసి కలపండి. తినే వేళకు అదే తోడుకుంటుంది.

బండిలో గ్యాసు సిలిండరు మాత్రం ఎక్కించొద్దు. చిన్నదైనా సరే, "టీకి మాత్రమే" అన్నా సరే. 2023 ఆగస్టు 26న మదురై స్టేషను దగ్గర ఆగివున్న యాత్రికుల రైలుపెట్టెలో మంటలు లేచి తొమ్మిదిమంది పోయారు. ఉత్తరాది నుంచి వచ్చిన భక్తులు పాపం, లోపల దాచి తెచ్చుకున్న సిలిండరుతో తెల్లారుజామున టీ కాచుకోబోయారు. వాళ్లూ మనలాగే ఇల్లు వెంటబెట్టుకొని బయల్దేరినవాళ్లే. టీ రోడ్డు పక్కన ఎక్కడైనా దొరుకుతుంది.

ఇప్పుడు ఆడవాళ్లకు ఒక మాట. దారిలో ఇబ్బందని పొద్దుట్నుంచి మంచినీళ్లు ముట్టకుండా కూర్చోవద్దు. సాయంత్రానికి తలనొప్పి, మర్నాటికి మూత్రంలో మంట. ఆ బాధ దర్శనం క్యూలో పడడం నరకం. పెట్రోలు బంకుల్లో కక్కూసు వాడుకోవడానికి డబ్బు కట్టనక్కర్లేదు, అడగడానికి సిగ్గూ అక్కర్లేదు. రెండు గంటలకోసారి బంకు దగ్గర ఆగాలని బయల్దేరేముందే ఒప్పందం చేసుకోండి. ఆపమని మగవాళ్లు అడిగితే బండి ఆగుతుంది, ఆడవాళ్లు అడిగితే "ఇంకో పది నిమిషాలు" అంటారు. ఆ మాట మన బండిలో చెల్లదని ముందే చెప్పేయండి.

డబ్బు సంగతి. బాడుగలో డీజిలు కలిసిందా, టోలు ఎవరిది, పర్మిట్టు ఖర్చు ఎవరిది, డ్రైవరు బత్తా ఎంత, ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోండి. తిరుగు ప్రయాణంలో రెడ్‌హిల్స్ దగ్గర తగాదా పడితే స్వామి ఇచ్చిన పుణ్యం అక్కడే దిగిపోతుంది.

కొండ సంగతి కూడా గుర్తుంచుకోండి. అలిపిరి దగ్గర బండి మొత్తం తనిఖీ చేస్తారు. బీడీ, సిగరెట్టు, మందు, మాంసం ఏదీ పైకి పోదు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలూ పనికిరావు, స్టీలు చెంబో బాటిలో తీసుకెళ్లండి. ఘాట్ రోడ్డు ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు, అంతకంటే తొందరగా రాకూడదని లెక్క. దిగేది 1944లో వేసిన పాత దారి, మలుపులెక్కువ. "కొంచెం తొక్కన్నా" అని వెనకనుంచి ఎవరైనా అంటే వాళ్ల నోట్లో లడ్డు పెట్టండి. కొండదారి అలవాటు లేని డ్రైవరైతే బండి కిందనే పెట్టి, దేవస్థానం దారిలో తిరిగే ఆర్టీసీ బస్సెక్కడం మేలు.

ఇక అసలు మాట. మనవాళ్లు సాధారణంగా ఏం చేస్తారు? లీవు దొరకదని శుక్రవారం షిఫ్టు దిగగానే రాత్రి పదికి బయల్దేరతారు. డ్రైవరు పొద్దుట్నుంచి ఇంకెక్కడో సవారీ కొట్టి వచ్చివుంటాడు. 140 కిలోమీటర్లే కదా అనుకుంటాం. తెల్లారి మనం దర్శనానికి పోతే, ఆ మనిషి ఎండలో వేడెక్కిన బండిలో కాళ్లు ముడుచుకొని పడుకుంటాడు. మనం రాగానే "ఊఁ, పోనీ" అంటాం. రాత్రి రెండు నుంచి అయిదు దాకా ఎంతటివాడికైనా కన్ను మూతపడే వేళ. నైటు షిఫ్టు చేసినవాళ్లకు నేను చెప్పాలా?

మోటారు కార్మికులకు 1961లో చట్టం వచ్చింది. రోజుకు ఎనిమిది గంటల పని, అయిదు గంటలకు మించకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి అని అందులో ఉండేది. 1918లో పెరంబూరులో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టినప్పుడు మన తాతలు ఏమడిగారు? మధ్యాహ్నం తిండికి ఇచ్చే అరగంట చాలదన్నారు. తీరిగ్గా కూర్చొని తినే వేళ కోసం కొట్లాడిన ఇళ్లు మనవి. 1996లో బీ అండ్ సీ మిల్లు మూతపడ్డాక మన పిల్లలెందరో స్టీరింగు పట్టారు. మా వీధిలోనే ముగ్గురున్నారు. ఆ ముందు సీట్లో కూర్చున్నది ఎవరో కాదు, మనింటి మనిషే.

అందుకని మా నోటుబుక్కులో మొదటి ఖర్చు డ్రైవరు నిద్ర. కొండ కింద అతనికి ఒక గది, కాదంటే ఒక మంచం, ఫ్యాను. తలకు లెక్కేస్తే ఒక కాఫీ డబ్బులు కూడా పడవు. పొట్లం విప్పగానే మొదటి ఆకు అతనిది. ముందు సీట్లో పక్కన కూర్చునేవాళ్లు నిద్రపోకూడదు, మాట కలుపుతూ ఉండాలి. వాగుడుకాయ మామలకు ఆ సీటు ఖాయం. అతను "కళ్లు మండుతున్నాయక్కా" అంటే అక్కడికక్కడే ఆపాలి. దర్శనం రెండు గంటలు ఆలస్యమైతే స్వామి ఎక్కడికీ పోడు.

శనివారాలకు బళ్లు దొరకవు. ఇప్పుడే మాట్లాడుకోండి. పోయి క్షేమంగా రండి.