పుట్టుకను పాపమని ఒప్పుకోమంటే ఎట్లా?

కొంచెం పెద్ద పోస్టే. నచ్చకపోతే తిట్టండి, కానీ మొత్తం చదివి తిట్టండి.

మన అనంతపురం పల్లెల్లో నేను పోయిన ఉజ్జీవ సభల్లో ఒక రకం సాక్ష్యం మళ్లీ మళ్లీ విన్నాను. ఎరుకల మనిషిని స్టేజీ ఎక్కిస్తారు. "మేము దొంగల కులంలో పుట్టినాం, ప్రభువు మార్చినాడు" అని చెప్పిస్తారు. కింద చప్పట్లు, హల్లెలూయాలు. పోయిన ఎండాకాలం నన్నూ అట్లే చెప్పమన్నారు. మా నాయన గంపలు అల్లుతాడు, మా అమ్మ కూలికి పోతుంది, మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. ఎవరింటికి కన్నం వేసినామని ఒప్పుకోవల్ల? చెప్పనన్నాను. గర్వం అన్నారు.

"దొంగల కులం" అనే మాట బైబిల్లో లేదప్పా, బ్రిటిషోళ్ల చట్టంలో ఉంది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చినారు, 1911లో దాన్ని మార్చి మన మద్రాసు ప్రెసిడెన్సీకీ తగిలించినారు. అంతకుముందు మనోళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం ఊరూరికి మోసేవాళ్లు. గంపలు అల్లేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. రైళ్లు వచ్చినాయి, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, మోత బేరం చచ్చింది. ఆ మీద 1876–78 ధాత కరువు. కడుపు మాడినోళ్లకు సర్కారు పెట్టింది కూడు కాదు, నేరస్థులనే పేరు.

గెజిట్లో తెగ పేరు పడితే చాలు. నేరం రుజువు కానక్కరలేదు. రిజిస్టర్లో పేరు, వేలిముద్ర, హాజరు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంట్ పెట్టి రక్షణ సైన్యానికి, అంటే సాల్వేషన్ ఆర్మీకి, అప్పజెప్పినారు. ఊరి పేరు కూడా హెరాల్డ్ స్టువర్ట్ అనే దొరదే. బడి పెట్టినారు, పని చూపించినారు, కాదనను. కానీ ప్రార్థన చేయించినోళ్ల చేతిలోనే హాజరుపట్టీ కూడా ఉండె. క్షమాపణ దొరికిందని చెప్పిన మనిషి మళ్లీ పాసు అడుక్కుని ఊరు దాటాల్సి వస్తే, అది ఏం క్షమాపణ?

1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. స్టేజీ మీద మాత్రం ఇంకా నడుస్తా ఉంది.

నేను విశ్వాసానికి వ్యతిరేకిని కాను. ఆ బైబిలే చూపిస్తా, చూడండి. యోహాను 9లో పుట్టుగుడ్డివాడిని చూసి, పాపం వీడిదా, వీడి అమ్మానాయనలదా అని శిష్యులు అడుగుతారు. ఎవరిదీ కాదంటాడు యేసు. యెహెజ్కేలు 18వ అధ్యాయం అంతా ఒకటే మాట: తండ్రి చేసిన దోషం కొడుకు మొయ్యడు. మరి ముత్తాత మీద పోలీసులు రాసింది నేనెందుకు మొయ్యల్ల?

పాపం ఒప్పుకోవడం చాలా పెద్ద పని. తాగొచ్చి పెండ్లాన్ని కొట్టినోడు ఆమె ముందర తలవంచి ఒప్పుకుంటే నేను కూడా దండం పెడతా. కథోలిక గుడిలో పాపసంకీర్తనం చేస్తే విన్న గురువు ప్రాణం పోయినా బయట చెప్పకూడదు. సీఎస్ఐ గుడిలో కలెక్టరైనా కూలోడైనా కలిసి అదే ఒప్పుకోలు చెప్తారు. రెండింట్లోనూ మనిషి మర్యాద మిగులుతుంది. మైకు పెట్టి, వీడియో తీసి, కులం పేరు చెప్పించేదాంట్లో ఏం మిగులుతుంది?

పోలీసు ముందు ఒప్పుకున్న మాట ముద్దాయి మీద రుజువుగా చెల్లదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2023 కొత్త చట్టంలోనూ 23వ సెక్షన్‌గా ఆ రక్షణ ఉంది. భయంతో వచ్చిన మాట ఒప్పుకోలు కాదని చట్టానికే తెలుసు. దేవుని పేరు చెప్పేవాళ్లకు తెలియదా?

ఇంకోటి. లూకా 19లో జక్కయ్య ఉత్త మాటతో సరిపెట్టలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మరి మన పేర్లు రిజిస్టర్లో ఎక్కించినోళ్ల పాపం, తల్లుల దగ్గర నుంచి పిల్లల్ని వేరు చేయడానికి సెక్షన్ రాసుకున్నోళ్ల పాపం, దానికి తోడు నిలిచిన మిషన్ల పాపం ఏ సభలోనైనా ఎవరైనా ఒప్పుకున్నారా? నేనైతే వినలేదు. ఆ సాక్ష్యం పెట్టిన రోజు ముందు వరుసలో కూర్చుంటా.

పాస్టరయ్యలకు ఒకటే విన్నపం. మనిషి చేసిన పాపం గురించి చెప్పండి, వింటాం. తెగ పేరు ఎత్తొద్దు. మన పిల్లలకు కూడా చెప్తున్నా: మీరు తప్పు చేసింటే ఎవరికి చేసినారో వాళ్ల దగ్గరికి పొండి, దేవుని దగ్గరికి పొండి. స్టేజీ ఎక్కి మీ అమ్మానాయనల్ని దొంగలనొద్దు.

– ఒక ఎరుకల బిడ్డ, డిగ్రీ రెండో సంవత్సరం, అనంతపురం హాస్టల్