గుమ్మం దగ్గర పావలా వసూలు చేసిన అమ్మాయి

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా మరదలు ఆటో దిగి, మెట్లెక్కి, గవర్నర్‌పేటలోని మా వాటా గుమ్మంలో నిలబడింది. కాఫీ అన్నా వద్దంది. సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్కు తీసి బల్ల మీద పడేసి, "నీ మేనకోడలి నిర్వాకం చూడు వదినా" అంది. ఆ విసురు చూసి ఏ ప్రేమలేఖలో అనుకుని నా గుండె ఝల్లుమంది. తీరా తెరిచి చూస్తే... పాటలు!

పాటలంటే మనకు తెలిసిన పాటలు కావు. రాగం లేదు, పల్లవి ఎక్కడుందో తెలీదు. ప్రాసలు మాత్రం వరసపెట్టి ఉన్నాయి. ముప్పాతిక తెలుగు, పాతిక ఇంగ్లీషు. రాత్రి ఎనిమిదింటికి ఏలూరు రోడ్డులో కోచింగ్ అయ్యి వస్తుంటే వెనకాలే నెమ్మదిగా వచ్చే బైకు, షేర్ ఆటోలో మీదికి జరిగే మోచెయ్యి, ఇంటికి చేరగానే "ఎందుకింత ఆలస్యం?" అని నాన్న, "ఎవరైనా చూశారా?" అని అమ్మ. అన్నీ ఉన్నాయి. ఎక్కడా బూతు లేదు. ఏడుపూ లేదు. కోపం ఉంది.

"దీన్ని ర్యాప్ అంటారట. కాలేజీ డేకి స్టేజీ ఎక్కి చెబుతానందట. వాళ్ళే నయం, వద్దన్నారు" అంది మరదలు.

అసలు సంగతి తర్వాత మేనకోడలే చెప్పింది. మగపిల్లల జట్టు ఒకటి ర్యాప్ చేస్తామంటే పది నిమిషాలు ఇచ్చారట. దీని వంతు వచ్చేసరికి, "ఆడపిల్లవి, ఇదేంటమ్మా? చక్కగా కూచిపూడి చెయ్యరాదూ?" అన్నారట.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకో చివర్లో చెబుతాను. ముందు ఈ ర్యాప్ సంగతేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను.

నాకు తెలిసిన ర్యాప్ అంతా 1994 నాటిది. 'ప్రేమికుడు' క్యాసెట్టు బీసెంట్ రోడ్డులో ఏ కొట్టు ముందు నుంచి వెళ్ళినా మోగుతుండేది. నోరు తిరగని మాటలు గబగబా అనేస్తే ర్యాప్ అనుకున్నాం. అంతకుముందు 1987లో 'పసివాడి ప్రాణం'లో చిరంజీవి బ్రేక్ డాన్స్ చూసి మా తమ్ముడు హాల్లో నేల మీద దొర్లి మోకాలు చెక్కుకున్నాడు. అవి రెండూ ఒకే చెట్టు కొమ్మలని అప్పుడు మాకేం తెలుసు? ఆ చెట్టు పేరు హిప్‌హాప్. అందులో నాలుగు కొమ్మలు: రికార్డులు తిప్పి సంగీతం పుట్టించడం, ర్యాప్ చెప్పడం, బ్రేక్ డాన్స్ చెయ్యడం, గోడల మీద రంగులతో రాయడం. ఆ బ్రేక్ డాన్స్ 2024లో పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. ఆడవాళ్ళ విభాగంలో బంగారు పతకం జపాన్ అమ్మాయికి వచ్చింది.

స్కూలు బట్టల కోసం మొదలైన పండగ

ఈ హిప్‌హాప్ పుట్టిన రోజు ఫలానా అని చెప్పుకునే తేదీ ఉంది. 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ అనే పేదల పేట. ఊరి మధ్యనుంచి వేసిన పెద్ద రహదారి అక్కడ వేలమంది ఇళ్ళను మింగింది. మిగిలిన వాటిల్లో ఆ దశాబ్దమంతా మంటలే. అలాంటి చోట సెడ్జ్‌విక్ అవెన్యూలో ఒక అపార్టుమెంటు. అందులో జమైకా నుంచి వచ్చిన కుటుంబం. ఆ ఇంటి అమ్మాయి సిండీ క్యాంప్‌బెల్‌కు స్కూళ్ళు తెరిచే లోపల కొత్త బట్టలు కొనుక్కోవాలని కోరిక. డబ్బుల్లేవు. ఏం చేసిందో తెలుసా? కింద ఉన్న హాలు అద్దెకు తీసుకుంది. అన్నయ్యను రికార్డులు వెయ్యమంది. గుమ్మం దగ్గర టిక్కెట్టు పెట్టింది. ఆడపిల్లలకు పాతిక సెంట్లు, మగపిల్లలకు యాభై. అంటే మన లెక్కలో అమ్మాయిలకు పావలా, అబ్బాయిలకు అర్ధ అన్నమాట!

ఆ అన్నయ్యే డీజే కూల్ హెర్క్. అప్పటికి పద్ధెనిమిదేళ్ళవాడు. పాట మధ్యలో గొంతులన్నీ ఆగిపోయి వాయిద్యం ఒక్కటే దంచే ముక్క ఉంటుంది చూడండి, పిల్లలు సరిగ్గా అక్కడే లేచి ఆడుతున్నారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ ఆ ముక్కనే సాగదీశాడు. ఆడేవాళ్ళను హుషారు చెయ్యడానికి మైకులో అన్న మాటలే పెరిగి పెరిగి ర్యాప్ అయ్యాయి.

చరిత్రలో అన్నయ్య పేరు పెద్దక్షరాల్లో ఉంది. హాలు మాట్లాడి, లెక్కలు చూసుకున్న చెల్లెలి పేరు చాలామందికి తెలీదు. మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు జరిగే తీరు ఇంతేగా! ఆ తర్వాత 1979లో ర్యాప్‌ను రికార్డుగా తెచ్చి 'ర్యాపర్స్ డిలైట్'తో దేశమంతా వినిపించిందీ ఒక ఆడమనిషే. సిల్వియా రాబిన్సన్, రికార్డు కంపెనీ నడిపిన గాయని.

మరి ఆడవాళ్ళను తిట్టే పాటలో?

ఇక్కడ మా మరదలి మాట కూడా వినాలి. "ఆ పాటల్లో ఆడదాన్ని ఎలా అంటారో నువ్వు విన్నావా వదినా?" అంది. విన్నాను. డబ్బు వచ్చి చేరాక ర్యాప్‌లో కార్లు, గొలుసులు, వాటితోపాటు ఆడవాళ్ళను సరుకులా లెక్కపెట్టడం కూడా వచ్చి చేరాయి. మన దేశంలోనూ అంతే. 2012 డిసెంబరులో ఢిల్లీ అమ్మాయిపై జరిగిన ఘోరం తర్వాత, ఒక పేరున్న ర్యాప్ గాయకుడి పాటల్లోని మాటలకు జనం మండిపడితే గుర్‌గావ్‌లో అతని కొత్త సంవత్సరం కచేరీ రద్దు చెయ్యాల్సి వచ్చింది. ఇందులో దాచాల్సిందేమీ లేదు.

కానీ ఆ తిట్లకు గట్టి జవాబు కూడా ర్యాప్‌లోనే వచ్చింది. రోడ్డు మీద పిచ్చి పేర్లు పెట్టి పిలిచేవాళ్ళను, ఇంట్లో చెయ్యి చేసుకునేవాళ్ళను నిలదీస్తూ క్వీన్ లతీఫా 1993లో ఒక పాట చేసింది. దానికి 1995లో గ్రామీ బహుమతి ఇచ్చారు. మన పక్కనే చెన్నై అమ్మాయి సోఫియా అష్రఫ్ ఉంది. కొడైకెనాల్‌లో 2001లో మూతపడిన థర్మామీటర్ల ఫ్యాక్టరీ పాదరసం వల్ల దెబ్బతిన్న కార్మికుల గురించి 2015లో ర్యాప్ చెప్పింది. ఆ వీడియో లక్షలమంది చూశారు. 2016 మార్చిలో హిందుస్తాన్ యూనిలీవర్ కంపెనీ 591 మంది మాజీ కార్మికులతో పరిహారం ఒప్పందానికి వచ్చింది. పాట ఒక్కటే ఆ పని చేసిందనను, కార్మికులు ఏళ్ళ తరబడి పోరాడారు. కానీ వాళ్ళ గోడు మన ఫోన్ల దాకా మోసుకొచ్చింది ఆ అమ్మాయి గొంతే.

మనకు కొత్తా ఇది?

లయ పట్టుకుని, మాటకు మాట అందిస్తూ, ఊరి కష్టం ఊరి మధ్యలో చెప్పడం. ఇది మనకు కొత్త అంటే మా అమ్మమ్మ నవ్వుతుంది. బుర్రకథ చూడండి. మధ్యలో కథకుడు తంబురా మీటుతూ, వేలికి అందెలు మోగిస్తూ చెబుతాడు. పక్కన ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. నాజర్ గారి బుర్రకథకు జనం విరగబడిన ప్రాంతం మనది. 1940ల్లో ఆనాటి మద్రాసు ప్రభుత్వం బుర్రకథను నిషేధించిందంటే ఆ మాటకెంత పదును ఉండేదో ఆలోచించండి.

ఆ రోజుల్లోనే మన తెలుగు ఆడవాళ్ళు వేదిక ఎక్కారు. మోటూరు ఉదయం గారు ఆడవాళ్ళే దళంగా బుర్రకథలు చెప్పారు. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారు, చిన్నతనంలోనే వైధవ్యం అనుభవించిన మనిషి, ప్రజానాట్యమండలిలో పాడారు, ఆడారు. తొంభై దాటాక 2012లో వచ్చిన ఆవిడ ఆత్మకథ 'నిర్జన వారధి' చదవనివాళ్ళుంటే తప్పక చదవండి. నాటకంలో ఆడవేషం కూడా మగవాళ్ళే కట్టే కాలంలో సంసారుల ఇళ్ళ ఆడవాళ్ళు స్టేజీ ఎక్కి గొంతెత్తితే ఊరు ఊరుకుంటుందా? ఈ రోజు మా మరదలు భయపడే మాటలన్నీ వాళ్ళు ఆనాడే పడ్డారు.

ఇప్పుడు ఆ కాలేజీవాళ్ళ కూచిపూడి సంగతికి వస్తాను. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో ఉన్న ఆ ఊరి నాట్యం కొన్ని శతాబ్దాలపాటు మగవాళ్ళదే. ఆడపిల్లకు గజ్జె కట్టనివ్వలేదు. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ గారే గుర్తొచ్చేవారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆడవాళ్ళు నేర్చుకోవడం మొదలుపెట్టాకే ఈనాటి కూచిపూడి ఇలా ఇంటింటికీ వచ్చింది. అంటే, ఒకప్పుడు "ఆడపిల్లకెందుకు?" అన్న విద్యనే ఇవాళ "ఆడపిల్లకు ఇదే మర్యాద" అంటున్నాం! మర్యాద అనేది మనం అనుకున్నంత పాతది కాదండీ. ముందు నడిచిన ఆడవాళ్ళు తిట్లు తిని సంపాదించి పెట్టింది.

కూచిపూడికీ ర్యాప్‌కీ వైరం లేదని ఇంకో తెలుగమ్మాయి చూపించింది. యల్లాప్రగడ శ్వేత, కాలిఫోర్నియాలో తెలుగువాళ్ళింట పుట్టింది. చిన్నప్పటి నుంచి కూచిపూడి, భరతనాట్యం నేర్చుకుంది. ఇప్పుడు 'రాజకుమారి' పేరుతో ర్యాప్ చెబుతుంది, నుదుట బొట్టుతోనే. 2019లో టీవీలో వచ్చిన ర్యాప్ పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చుంది. హైదరాబాద్ నుంచి నోయెల్, రోల్ రైడా లాంటి మగపిల్లలు పేరు తెచ్చుకున్నారు. మన తెలుగు ఊళ్ళలో పెరిగిన ఆడపిల్లల పేరు చెప్పమంటే మాత్రం తడుముకోవాలి. పిల్లలకు చేతకాక కాదు. ఆ పది నిమిషాలూ ఇవ్వక.

అమ్మలతో ఒక మాట

మా మరదలి భయం ఉత్తది కాదు. బుర్రకథ ఆ రాత్రితో అయిపోయేది. వీడియో అలా కాదు, సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళ ఫోన్లోనూ ఉంటుంది. కింద ముక్కూమొహం తెలియనివాళ్ళు రాసే రాతలుంటాయి. అందుకని నోట్‌బుక్కు చించేద్దామా? నేనైతే పిల్లకు మూడు మాటలు చెప్పాను. ఒకటి, రాసిన ప్రతిదాని కిందా పేరు, తేదీ వెయ్యి. రెండు, ఎవరైనా సినిమాకో ఆల్బమ్‌కో తీసుకుంటామంటే కాగితం చదవకుండా సంతకం పెట్టకు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు రాసిన పాట హాలు బయట మోగినప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉంది, ఆ హక్కు వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. మూడు, చెత్త రాతలు వస్తే ఒక్కదానివే చదువుకుంటూ కూర్చోకు, ఇంట్లో చూపించు. ఈ మూడోది జరగాలంటే ఇంట్లో తిట్టకుండా వినేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి కదా!

ఆ సాయంత్రం మేనకోడల్ని పిలిపించాను. మా డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య నిలబడి, వాటర్ ట్యాంకు మీద చేత్తో తాళం వేసుకుంటూ ఏలూరు రోడ్డు పాట చెప్పింది. మరదలు మొహం అటు తిప్పుకుని బట్టలు మడతపెడుతోంది. పాట చివర్లో ఒక అమ్మ బాల్కనీలో నిలబడి, వచ్చే ప్రతి ఆటో వైపూ చూస్తూ ఉంటుంది. కూతురు కనపడగానే గబగబా లోపలికెళ్ళి, అప్పటిదాకా టీవీ చూస్తున్నట్టు కూర్చుంటుంది.

మడతపెట్టే చేతులు ఆగిపోయాయి. కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు.

"బాల్కనీలో కాదే, గేటు దగ్గర" అంది మరదలు, మొహం ఇటు తిప్పకుండానే. "రోజూ గేటు దగ్గరే నుంచుంటాను. అది మార్చి రాయి."